గాడిద మలుపు దగ్గర ఆగిన సైకిలు

“బ్రేకు వైరు నేను కొయ్యలేదు సిన్యోరా! ఎన్నిసార్లడిగినా నాది ఇదే మాట!”

“వైరు సంగతి నేనడగలేదయ్యా. నిన్న మధ్యాహ్నం ఊరి చౌకులో తగువెందుకొచ్చిందని అడిగాను,” అంది ఇన్‌స్పెక్టర్ ఎర్సీలియా తోర్రిని.

దూచ్చో పియరల్లి తల దించుకున్నాడు. బక్కపలచగా ఉన్నా కాళ్ళు మాత్రం ఉక్కు కడ్డీల్లా ఉన్నాయి. ఈ కొండల్లో సైకిళ్ళ మీద విహారానికి వచ్చేవాళ్ళకి దారి చూపించడం అతని బతుకుతెరువు. సైకిళ్ళూ అతనివే, వాటిని బాగుచేసేదీ అతనే. అదే అతని కొంప ముంచింది. నిన్న సాయంత్రం నుంచీ రోకాల్బా ఠాణాలో, కిటికీ లేని ఈ గదిలో కూర్చుని ఉన్నాడు.

“తిబేరియో గారికి వేగమంటే పిచ్చి. తారురోడ్డున దిగుతానన్నారు. ఆదివారం కదా, అడవిపందుల వేటగాళ్ళ జీపులు అడ్డదిడ్డంగా తిరుగుతుంటాయి, వద్దన్నాను. అందరం కలిసి మట్టిరోడ్డున పోదామన్నాను. ‘నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడే నేను ఇంతకన్నా పెద్ద కొండలు దిగాను, నాకు నేర్పొచ్చావా’ అన్నారాయన. నాకూ ఒళ్ళు మండింది.”

“నువ్వేమన్నావు?”

“‘అయితే పోయి చావండి’ అన్నాను. ఊరంతా విన్నది.”

“తర్వాత?”

“మూడు గంటలప్పుడు బయల్దేరాం. ఆయన తారురోడ్డున ఒక్కరే వెళ్ళారు. నేనూ, ఆయన భార్య లొరెదానా గారూ మట్టిరోడ్డున దిగాం. ఆవిడది కరెంటు సైకిలు, నెమ్మదిగా తొక్కుతారు. డాక్టరు ఉబాల్దో గారు కడుపులో బాలేదని కాఫీ బార్‌లో ఉండిపోయి, కాసేపాగి తారురోడ్డునే వస్తానన్నారు. రెండు రోడ్లూ కింద మిల్లు వంతెన దగ్గర కలుస్తాయి. మా దారిలో అమ్మగారి టైరు పంక్చరయింది. బాగా ఆలస్యమైంది. మేం వెళ్ళేసరికి వంతెన దగ్గర పిట్ట కూడా లేదు. చాలాసేపటికి డాక్టరు గారు వణుక్కుంటూ దిగొచ్చి, తిబేరియో గారు గాడిద మలుపు దగ్గర లోయలో పడిపోయారని చెప్పారు.”

“మీరు నలుగురూ కాక ఇంకెవరైనా ఉన్నారా గుంపులో?”

“లేరు. ఈ వారం వీళ్ళ ముగ్గురికే. ఏటా శరదృతువులో వస్తారు. మంచోళ్ళు సిన్యోరా. అలా నోరు జారానే గానీ…” అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. కెప్టెన్ లాంబెర్తో గ్రిఫి లోపలికి వచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసు, కత్తి అంచులాంటి ఇస్త్రీ, పాలిష్ బూట్లు. ఇద్దరివీ వేర్వేరు పోలీసు దళాలు, శవం మాత్రం ఒక్కటే. శవం అతని ఇలాకాలో దొరికింది. కేసు ఇంకొకరు కూడా చూడాలని మేజిస్ట్రేటు ఎర్సీలియాని పంపింది. అప్పటి నుంచీ గ్రిఫి ముఖం ఆముదం తాగినట్టే ఉంది.

“అయిందా ఇన్‌స్పెక్టర్ గారూ? ఒంటిగంటకి విలేకరులు వస్తున్నారు. నేరస్థుణ్ణి చూపిస్తానని మాటిచ్చాను.”

“మాటివ్వడానికి ముందు నేరస్థుణ్ణి వెతుక్కోవాలి కదా నాయనా.”

“ఎదురుగా కూర్చుని ఉన్నాడు. పొద్దున సైకిలు తనిఖీ చేసింది ఇతనే. మధ్యాహ్నం ‘పోయి చావు’ అన్నదీ ఇతనే. మూడు దాటాక ఆ మనిషి చచ్చాడు, ముందు బ్రేకు వైరు తెగి ఉంది. ఇంకేం కావాలి మీకు? చేతిరాతతో రాసివ్వాలా?”

“సైకిలు చూపించు. అది చాలు ప్రస్తుతానికి,” అంటూ ఎర్సీలియా లేచింది. కుడి మోకాలు కలుక్కుమంది. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పందేల్లో సైకిలు తొక్కిన మోకాలు అది. ముప్ఫై అయిదేళ్ళయినా చలికాలం వస్తోందని ముందే చెబుతుంది.

*

సైకిలుని ఠాణా వెనక షెడ్డులో ఒక దుప్పటి మీద పడుకోబెట్టారు. హ్యాండిల్ వంగిపోయింది. ముందు చక్రం ఎనిమిది అంకెలా మెలితిరిగింది. వెనక భాగం మాత్రం చెక్కుచెదరలేదు. పొదల్లో పడ్డట్టుంది, ఊచల్లో ఎండుటాకులు ఇరుక్కున్నాయి.

ఎర్సీలియా మోకాళ్ళ మీద కూర్చుంది. ముందుగా తెగిన వైరు చూసింది. జేబులోంచి భూతద్దం తీసి మళ్ళీ చూసింది.

“ఇది కోసింది కాదు, కొరికింది.”

“ఎలకలా?” అన్నాడు గ్రిఫి.

“చూడు. ఒక్క నొక్కుకి తెగలేదు. నాలుగైదు చోట్ల పట్టు జారింది, పక్కనున్న రంగు కూడా గీరుకుపోయింది. రోజూ ఈ పనే చేసేవాడు పట్టకారు పడితే ఒక్కసారికే టక్కుమని తెగుతుంది. దూచ్చో ఈ వైర్లు ఎన్ని వేలు కత్తిరించి ఉంటాడు?”

“కంగారులో చెయ్యి వణికుంటుంది.”

“పొద్దున టిఫిను తిని, గోడకానించిన సైకిలు తనిఖీ చేసేటప్పుడు కంగారా? సరే, ఉండనీ.”

ఆమె వెనక చక్రం దగ్గరికి జరిగింది. అక్కడ ఆగిపోయింది. తర్వాత వేలితో చైనుని మెల్లగా తాకింది. ముందువైపు చైను చిన్న పళ్ళచక్రం మీద ఉంది. వెనకవైపు అన్నిటికన్నా పెద్దదాని మీద ఉంది.

“శవం ఒంటి మీదున్న బట్టల ఫొటోలు ఉన్నాయా?”

గ్రిఫి విసుగ్గా ఫోను అందించాడు. అరవై నాలుగేళ్ళ తిబేరియో మాల్వెజ్జి రాళ్ళ మధ్య బోర్లా పడి ఉన్నాడు. వీపు వైపు చొక్కా జేబులో ఏదో పసుపుపచ్చటిది ఉండలా చుట్టి దూర్చి ఉంది.

“అదేంటి?”

“గాలికోటు. పల్చటిది. ఏం?”

“ఈ ఫొటోలో వెల్లకిలా తిప్పారుగా. చొక్కా గుండీ… కాదు, జిప్పు. ఛాతీ దాకా తెరిచి ఉంది చూడు.”

“చూశాను. ఇన్‌స్పెక్టర్ గారూ, నేను ఒంటిగంటకి విలేకరులతో శవం జిప్పు గురించి మాట్లాడాలా?”

ఎర్సీలియా గోడ పట్టుకుని లేచింది. “కెప్టెన్, నువ్వెప్పుడైనా సైకిలు తొక్కావా?”

“చిన్నప్పుడు. మూడు చక్రాలది. మా నాన్న మోటారు సైకిలు కొనిచ్చేదాకా.”

“అయితే విను. కొండ దిగేటప్పుడు ఎవడైనా చైనుని బరువైన గేరులో ఉంచుతాడు. తేలిక గేరులో ఉంచితే కాళ్ళు గాల్లో తిరుగుతాయి, పెడలుకి పట్టు దొరకదు. ఈ చైను ఉన్నది అన్నిటికన్నా తేలిక గేరులో. దీంట్లో తొక్కేది కొండ ఎక్కేటప్పుడు. అదీ మెడలు విరిగే ఎత్తులో. దిగేవాడికి చలి, కోటు తొడిగి జిప్పు గొంతు దాకా లాక్కుంటాడు. ఎక్కేవాడికి చెమట, కోటు విప్పి జేబులో పెట్టుకుని జిప్పు తెరుస్తాడు.”

“అంటే?”

“తిబేరియో దిగుతూ పడలేదు. ఎక్కుతూ ఉన్నాడు. నడిచినంత వేగంతో ఎక్కేవాడికి బ్రేకుతో పనేముంది? వైరు తెగినా, తెగకపోయినా ఒకటే.”

దూరంగా అడవిలో వేటగాళ్ళ తుపాకీ మోత వినిపించింది. గ్రిఫి పెద్దగా నవ్వాడు.

“భలే! లోయలో పల్టీలు కొట్టిన సైకిలు చైను ఎక్కడ పడితే అక్కడుంటుంది సిన్యోరా. ఎగిరి అటు పడింది.”

“ఎగిరితే ఊడి వేలాడుతుంది. ముందొకటి, వెనకొకటి, రెండూ సరిగ్గా ఎంచుకుని బుద్ధిగా కూర్చోదు. హ్యాండిల్ మీది గేరు మీటలు కూడా అదే చెబుతున్నాయి. చూసుకో.”

“ఇంకో మాట మర్చిపోయారు. ఆయన దిగుతూ పడటం కళ్ళారా చూసిన మనిషి ఉన్నాడు. డాక్టరు. ఆయన ప్రాణమిత్రుడు. చైను మాట నమ్మమంటారా, డాక్టరు మాట నమ్మమంటారా?”

“చైనుకి స్నేహితులుండరు నాయనా,” అంది ఎర్సీలియా.

*

డాక్టరు ఉబాల్దో ఫెర్రంతి సత్రం ముందుగదిలో, పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఆమెను చూడగానే లేవబోయాడు.

“కూర్చోండి డాక్టరు గారూ. బాధలో ఉన్నారని తెలుసు. మళ్ళీ ఒక్కసారి చెప్పించుకుని పోతాను. ఈ కెప్టెన్ గారు చెప్పినదాంట్లో సగం నాకు గుర్తుండలేదు.”

పక్కన నిలబడ్డ గ్రిఫి దవడ బిగించాడు.

“చెప్పడానికేముందమ్మా,” అన్నాడు ఉబాల్దో. “కడుపు కాస్త కుదుటపడగానే నేనూ బయల్దేరాను. తిబేరియో ఏ జీపుకో దారివ్వడానికి ఆగాడేమో, నాలుగు మలుపులు తిరిగేసరికి వాడు కింద కనిపించాడు. నేను రెండు మలుపుల పైన ఉన్నాను. బాణంలా పోతున్నాడు. గాడిద మలుపు దగ్గర తిరగాల్సింది, తిరగలేదు. ‘బ్రేకు! బ్రేకు!’ అని అరిచాడు. అంతే. పిట్టగోడకి కొట్టుకుని ఎగిరిపోయాడు.”

“అంత పైనుంచి అరుపు వినిపించిందా?”

“కొండల్లో వినిపిస్తుంది.”

“నిజమే. కనిపించడం కూడా స్పష్టంగా కనిపించిందా? రోడ్డు పక్కనంతా చెట్లు కదా, ఇంకెవరినైనా చూసి ఆయనే అనుకున్నారేమో.”

“ముప్ఫై ఏళ్ళ నుంచి కలిసి తొక్కుతున్నాం. వాడి వెన్ను చూస్తే చాలు నాకు.”

“ఏం వేసుకున్నారు?”

“పసుపుపచ్చ గాలికోటు. జెండాలా రెపరెపలాడుతోంది. ఎంత దూరాన్నుంచైనా గుర్తుపడతాను.”

గ్రిఫి కనుబొమలు కొంచెం కదిలాయి. ఎర్సీలియా అతని వైపు చూడలేదు. బల్ల మీద డాక్టరు కాఫీ చల్లారిపోయి ఉంది. “తాగండి, పాపం, పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు,” అంది. అతను కప్పుని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాడు. అయినా సాసరు మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

“ఆపరేషన్లు చేస్తారా ఇంకా?”

“మానేశాను. పోయిన వసంతంలో.” కప్పు కింద పెట్టి చెయ్యి జేబులో దాచుకున్నాడు. “వయసు మీద పడింది కదా.”

“నిన్న ఆయన పడటం చూసి, మీరు కిందికి దిగి లొరెదానా గారికి చెప్పేదాకా చాలాసేపు పట్టిందట.”

“లోయలోకి దిగాలని చూశాను. డాక్టర్ని కదా. దారి దొరకలేదు.” అతను చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. “దొరికుంటే వాణ్ణి బతికించేవాణ్ణేమో ఇన్‌స్పెక్టర్ గారూ.”

ఆ ఏడుపు దొంగేడుపు కాదని ఎర్సీలియాకి అనిపించింది. అదే ఆమెను కలవరపెట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దొంగేడుపులు చాలా చూసింది. వాటితో పని తేలిక.

బయటికి రాగానే గ్రిఫి గొంతు తగ్గించి అన్నాడు. “కోటు సంగతి… కంగారులో పొరబడుంటాడు. బయల్దేరేటప్పుడు చూసిందే గుర్తుండిపోయుంటుంది.”

“ఉంటుంది. సత్రం గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ని పెట్టు. డాక్టరు ఒంటరిగా ఎటూ పోకూడదు.”

“నాకున్నది ముగ్గురు మనుషులు. ఇద్దరు విలేకరుల కోసం రోడ్డు చూస్తున్నారు.”

“మూడోవాడు?”

“మీరడిగారు కాబట్టి పెడతాను. కానీ కాపలా ఎవరికని అడిగితే ఏం చెప్పను? సాక్షికా, ముద్దాయికా?”

“అది వంతెన దగ్గర తెలుస్తుంది. ముందు లొరెదానాతో మాట్లాడనీ.”

*

లొరెదానా మేడ మీది గదిలో, విప్పని పెట్టె పక్కన మంచం అంచున కూర్చుంది. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అడిగినదానికి అడిగినంత జవాబు చెప్పింది.

“బయల్దేరేముందు మీవారు ఏం చేశారమ్మా? చిన్న విషయమైనా పరవాలేదు.”

“కోటు తొడుక్కున్నాడు. కాఫీ బార్‌లో పాత పేపరు అడిగి తీసుకున్నాడు. ఆటల పేపరు, గులాబి రంగుది. మడిచి చొక్కా లోపల గుండెల మీద పెట్టుకున్నాడు. కోటు ఎంత మంచిదైనా దిగుడులో గుండెకి పేపరు ఉండాల్సిందే అంటాడు. మా నాన్న కూడా అంతే. పాతకాలం వాళ్ళు.”

ఎర్సీలియా ఫొటోల్ని గుర్తు తెచ్చుకుంది. శవం ఫొటోల్లో చొక్కా జిప్పు తెరిచి ఉంది. లోపల బనీను కనిపిస్తోంది. పేపరు లేదు.

“పేపరు పెట్టుకోవడం ఉబాల్దో గారు చూశారా?”

“లేదు. బాత్రూములో ఉన్నాడు అప్పుడు.” లొరెదానా తలెత్తింది. “ఎందుకడుగుతున్నారు?”

“ఇంకొక్కటి. మీవారు వంతెన దగ్గర మీకోసం ఎదురు చూస్తూ ఉన్నారనుకోండి. ఎవరో ఒకరు ఎంతకీ రాలేదు. ఏం చేస్తారు?”

“వెనక్కి వెళ్తాడు.” క్షణం ఆలోచించకుండా చెప్పింది. “ఎవరు వెనకబడినా తిరిగెళ్ళి తీసుకొస్తాడు. ఎంత ఎత్తయినా సరే. అందరం తిట్టేవాళ్ళం. ‘నీ కాళ్ళు నీకు బరువా’ అని ఉబాల్దోనే ఎక్కువ వెక్కిరించేవాడు.” ఆమె ముందుకి వంగింది. “వెనక్కి వెళ్ళాడా?”

ఎర్సీలియా మాట మార్చింది. “వాళ్ళిద్దరి మధ్యా ఏమైనా గొడవలున్నాయా?”

“గొడవ కాదు. గురువారం మావారు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. దేని గురించో నాకు చెప్పలేదు. ‘ముందు ఉబాల్దోతో మాట్లాడాలి, వాడే నోరు విప్పితే అందరికీ మంచిది’ అన్నాడు. మావారు మత్తిచ్చే డాక్టరు, ఉబాల్దో ఆపరేషన్లు చేసే డాక్టరు, పాతికేళ్ళు ఒకే ఆపరేషను గదిలో పనిచేశారు ఇద్దరూ. ఈ ప్రయాణంలో మాట్లాడేస్తానన్నాడు. మాట్లాడాడో లేదో…” ఆమె ఆగిపోయింది. ఒళ్ళోని చేతుల్ని చూసుకుంటూ, “ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు నన్ను కోటు గురించీ, పేపరు గురించీ అడుగుతున్నారు. బ్రేకు గురించి అడగటం లేదు,” అంది.

“నేను వంతెన దాకా వెళ్ళొచ్చి అన్నీ చెబుతాను. అప్పటిదాకా గది దాటకండి. ఎవరితోనూ ఎక్కడికీ వెళ్ళకండి. మాటివ్వండి.”

లొరెదానా తలూపింది. మాట మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతి ఎర్సీలియాకి జీపు ఎక్కాక గుర్తొచ్చింది.

*

మిల్లు వంతెన పక్కన నీళ్ళ కుళాయి, ఒక రాతి బల్ల, ఒక ఇనప చెత్తడబ్బా ఉన్నాయి. ఎదురుగా ఆలివ్ తోటలో చెట్ల కింద వలలు పరిచి ఉన్నాయి. మనుషులు లేరు.

“సోమవారం చెత్తబండి మధ్యాహ్నం వస్తుంది. మన అదృష్టం,” అంది ఎర్సీలియా.

“మన అదృష్టం ఇలా చెత్తడబ్బాలో ఉంటుందని మా జ్యోతిష్కుడు చెప్పలేదు,” అన్నాడు గ్రిఫి. అయినా చేతి తొడుగులు తొడుక్కున్నది అతనే. అరటితొక్కలు, సీసాలు, తడి కాగితాలు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టాడు. ఉన్నట్టుండి అతని చెయ్యి ఆగింది.

గులాబి రంగు పేపరు. నాలుగు మడతలు వేసి ఉంది. మనిషి ఛాతీ వంపు ఇంకా దాంట్లో నిలిచి ఉంది. లోపలి మడత చెమటకి చెమ్మగిల్లి, ఆరి, ముడుచుకుపోయింది. పై మూలన కాఫీ బార్ ముద్ర ఉంది.

గ్రిఫి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముఖంలోని ధీమా మెల్లగా దిగిపోయింది.

“ఇక్కడిదాకా వచ్చాడు,” అన్నాడు చివరికి.

“క్షేమంగా వచ్చాడు. బ్రేకులు పనిచేశాయి. నీళ్ళు తాగాడు, పేపరు తీసి పారేశాడు, కోటు విప్పాడు. మట్టిరోడ్డున వచ్చేవాళ్ళకి ఆలస్యమవుతుందని తెలుసు. వాళ్ళ పక్కన దూచ్చో ఉన్నాడు, భయం లేదు. కానీ ఒంట్లో బాలేని స్నేహితుడు ఒక్కడే వస్తున్నాడు. ఎంతకీ రాలేదు. ఫోను చేద్దామంటే ఈ లోయలో సిగ్నలు గీత కూడా పడదు. సైకిలు తిప్పి ఎక్కడం మొదలుపెట్టాడు.”

“వెనక్కి వస్తాడని డాక్టరుకి ముందే తెలుసు.”

“ముప్ఫై ఏళ్ళ నుంచీ తెలుసు. గాడిద మలుపు దాకా దిగి, అక్కడ కాచుకుని కూర్చున్నాడు. తోసేసి, సైకిలు కూడా విసిరేశాడు. అక్కడితో ఆగుంటే ప్రమాదమని సరిపెట్టేసేవాళ్ళం. కానీ సైకిలు విసిరేముందు, చౌకులో తగువు గుర్తొచ్చి, తన సామాన్ల సంచిలోని పట్టకారుతో వైరు కోశాడు. చెయ్యి వణుకుతుంటే నాలుగైదుసార్లు కొరికించాడు.”

గ్రిఫి పేపరుని సంచిలో పెట్టి, చేతి తొడుగులు విప్పాడు. “నేను ఒంటిగంటకి ఆ కుర్రాణ్ణి టీవీ వాళ్ళ ముందు నిలబెట్టేవాణ్ణి.”

“నిలబెట్టలేదుగా. వైర్లెస్సు అందుకో. డాక్టర్ని కదలనివ్వద్దని చెప్పు.”

అతను జీపులో వైర్లెస్సు అందుకున్నాడు. కరకరమనే శబ్దంలోంచి సత్రం దగ్గరి కానిస్టేబులు గొంతు వచ్చింది.

“ఇక్కడ లేరు సార్. ఇప్పుడే సైకిళ్ళ మీద వెళ్ళారు.”

“వెళ్ళారంటే? ఎవరెవరు?”

“డాక్టరు గారూ, ఆ అమ్మగారూ సార్. మలుపు దగ్గర పూలు పెట్టొస్తామన్నారు. డాక్టరు గారు ఒంటరిగా పోకూడదన్నారు కదా మీరు, ఒంటరిగా పోలేదు సార్…”

గ్రిఫి నోట బూతు మాట వచ్చింది. ఎర్సీలియా అప్పటికే జీపులో కూర్చుని తలుపు లాగేసింది.

*

జీపు మలుపు మలుపుకీ కీచుమంటూ ఎక్కింది. ఎర్సీలియా ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. లొరెదానాకి సాక్ష్యం సంగతి తెలుసు. ఆ సంగతి ఆవిడ నోరు జారి ఉబాల్దోతో అంటే చాలు. అదే మలుపు, అదే పిట్టగోడ. ‘దుఃఖం భరించలేక దూకేసింది’ అంటాడు. ఎవరు కాదంటారు?

“ఇంకా తొందరగా!”

“ఇంతకన్నా తొందరగా పోతే మనమూ లోయలోనే!”

ఆఖరి మెలిక తిరగగానే గ్రిఫి బ్రేకు తొక్కాడు.

గాడిద మలుపు దగ్గర పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు. దాని మీద పూలగుత్తి ఉంది. పక్కన ఉబాల్దో నిలబడి ఉన్నాడు, లోయకి వీపు పెట్టి. అతని పిక్కలు గోడకి ఆనుకున్నాయి. ఎదురుగా లొరెదానా కరెంటు సైకిలు మీద కూర్చుని ఉంది. ఆ సైకిలు మామూలు సైకిలుకి రెండింతల బరువు. దాని ముందు చక్రం అతని మోకాళ్ళకి నొక్కుకుని ఉంది. ఆమె ఎడమ కాలు నేల మీద, కుడి కాలు పెడలు మీద. ఒక్క తొక్కు చాలు.

ఎర్సీలియా దిగింది. రెండడుగులు వేసింది.

“అక్కడే ఉండండి ఇన్‌స్పెక్టర్ గారూ,” అంది లొరెదానా. తిరిగి చూడలేదు. గొంతు పొద్దున ఉన్నంత మామూలుగానే ఉంది.

గ్రిఫి చెయ్యి తుపాకీ మీదికి పోయింది. ఎర్సీలియా వద్దన్నట్టు వెనక్కి చెయ్యి చాపింది.

“రాత్రి ఇతను నాకు నిద్రమాత్ర ఇచ్చాడు. పక్కన కూర్చుని ఏడ్చాడు. నేను నిద్రపోయాననుకున్నాడు. ‘దెబ్బ తగిలిందా ఉబాల్దో అని అడిగాడు లొరెదానా, ఆఖరికి కూడా అదే అడిగాడు’ అన్నాడు. మత్తులో నాకు తలకెక్కలేదు. కలేమో అనుకున్నాను. ఇందాక మీరు ఎవరైనా రాకపోతే ఏం చేస్తారని అడిగారే, అప్పుడు అర్థమైంది. పడిపోతూ బ్రేకు బ్రేకు అని అరిచినవాడు దెబ్బ తగిలిందా అని ఎప్పుడడుగుతాడు? ఎవరినడుగుతాడు?” పెడలు మీది కాలు కాస్త బిగిసింది. “చెప్పరా. ఎక్కడ పడుకున్నావు? ఈ రోడ్డు మీదేనా? దెబ్బ తగిలినట్టు మూలిగావా?”

ఉబాల్దో పెదవులు కదిలాయి. “ఇక్కడే. సైకిలు పడేసుకుని, గోడ పక్కన పడుకున్నాను. వగరుస్తూ ఎక్కొచ్చాడు. సైకిలు వదిలేసి నా మీదికి వంగాడు.” అతను ఇప్పుడు ఏడవటం లేదు. “పోయిన వసంతంలో ఆపరేషను బల్ల మీద ఒక పిల్ల చచ్చిపోయింది లొరెదానా. తొమ్మిదేళ్ళు. నా చెయ్యి వణికింది. వణుకుతుందని నాకు ముందే తెలుసు. తిబేరియోకి తెలుసు. గురువారం ఆ మాట చెప్పేస్తానన్నాడు. నన్నే ముందు చెప్పుకోమన్నాడు, పక్కన నిలబడతానన్నాడు. నిలబడేవాడే. అదే భరించలేకపోయాను.”

గాలి లేదు. లోయలో ఎక్కడో వేటకుక్కలు మొరిగాయి.

“తొక్కు,” అన్నాడు ఉబాల్దో. “తొక్కు లొరెదానా. నీకా హక్కుంది.”

ఎర్సీలియా మెల్లగా నడిచింది, చేతులు కనిపించేలా పట్టుకుని. ఆమెను ఆపమని ఎవరూ అనలేదు. సైకిలు హ్యాండిల్‌కి చెయ్యందేంత దగ్గరికి వచ్చి ఆగింది. పట్టుకోలేదు.

“సిన్యోరా, అతనికి కావాల్సింది అదే,” అంది. “గుమ్మం దగ్గర కాపలా ఉన్నా మీరు రమ్మనగానే ఎందుకొచ్చాడనుకున్నారు? ఆ పిల్ల తల్లి కోర్టులో ఎదురుగా కూర్చుంటుంది. ఆవిడ మొహం చూస్తూ నిలబడటం కన్నా ఈ గోడ దాటడం చాలా తేలిక. నిన్న ఆ సాక్ష్యం ఆపడానికి మీవారిని చంపాడు. ఇవాళ మీ కాలితో మళ్ళీ ఆపించుకోవాలని చూస్తున్నాడు.”

ఉబాల్దో కళ్ళు మూసుకున్నాడు. ఆ మూసుకోవడం లొరెదానా చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత పెడలు మీది కాలు దించింది. సైకిలుని వెనక్కి లాగలేదు, దిగి వదిలేసింది. అది పక్కకి ఒరిగి పెద్ద చప్పుడుతో రోడ్డు మీద పడింది. ఉబాల్దో తూలాడు. లొరెదానాయే అతని చొక్కా కాలరు పట్టుకుని రోడ్డు మీదికి గుంజింది. గ్రిఫి పరుగున వచ్చి అతని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు. జీపు దాకా లాక్కుపోతుంటే లొరెదానా వెనకే నడిచింది.

“ఇతన్ని ఉంచే గది కిటికీకి ఊచలున్నాయా?” అని గ్రిఫిని అడిగింది.

“అసలు కిటికీయే లేదు సిన్యోరా.”

“బెల్టు తీసేయండి. బూటు తాళ్ళు కూడా. మాత్రలేమైనా ఉన్నాయేమో జేబులు చూడండి, డాక్టరు కదా.” ఆమె ఒంగి, జీపు వెనక సీట్లో కూలబడ్డ మనిషి ముఖంలోకి చూసింది. “అన్నం పెడతారు, తిను. నిద్రపో. గురువారం దాకా నువ్వు బతకాలి ఉబాల్దో. ఆ మాట తిబేరియో చెప్పాల్సింది. ఇప్పుడు నువ్వే చెప్పాలి. ఎదురుగా ఆ తల్లి పక్కన నేను కూర్చుంటాను.”